ముత్తుకూరు తుపాకికి కడ్డీ వెదికిన మా బావ

మా బావ సైదావలి ఏ పనీ తొందరపడి చేసే మనిషి కాదు. చెప్పులు కొనాలని నెల్లూరు పోతే, కొట్టు కొట్టూ ఎక్కి దిగి, ప్రతి చెప్పునూ వంచి చూసి, వాసన చూసి, సాయంత్రానికి పాత చెప్పులతోనే బస్సు దిగేవాడు. మా అక్క జైతూన్‌బీని చూడడానికి వచ్చినప్పుడూ అంతే. వచ్చాడు, చూశాడు, టీ తాగి పోయాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ టీ. చివరికి మా నాయనకు ఒళ్ళు మండి, "నాయనా, పిల్లను చూస్తా ఉండావా, ఎద్దును బేరం చేస్తా ఉండావా?" అని అడిగితే గానీ ఊ అనలేదు. అలాంటి మనిషికి ఊరంతా కలిసి తుపాకి తుడిచే కడ్డీ ఎంచమని చెప్పిందంటే, తప్పు ఊరిదా, ఆయనదా? మీరే చెప్పండి.

మేము దూదేకులవాళ్ళం. మామూలు రోజుల్లో దూది ఏకి పరుపులు కుట్టడం, పెళ్ళిళ్ళ కాలంలో సన్నాయి ఊదడం మా ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ ఉన్న పనులు. నాకు రెండూ రాలేదు. దూది ఏకితే తుమ్ములు, సన్నాయి ఊదితే కుక్కలు. అందుకని ముత్తుకూరు పంచాయతీ ఆఫీసు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నాను. సాయంత్రం పూట సీకు కబాబులు కూడా కాల్చేవాణ్ణి. మా బావకు మాత్రం రెండు విద్యలూ వచ్చు. పరుపు సంగతి అలా ఉంచండి, ఆయన సన్నాయి ఊదుతుంటే పందిట్లో ఏడ్చే పిల్లలు కూడా ఊరుకునేవాళ్ళు.

ఆ సన్నాయి మనుబోల్లో ఆగిపోయింది. ఒక పెద్దింటి పెళ్ళి. మా బావ తోడి రాగం అందుకుని, మెల్లగా పైకి తీసుకుపోతున్నాడు. నేను పక్కన కూర్చుని శ్రుతి పట్టుకుని ఉన్నాను. రాగం సరిగ్గా కొసకు చేరే సమయానికి పందిరి మీద కట్టిన మైకుసెట్టులోంచి గ్రామఫోను పాట ఒకటి భళ్ళున మోగింది. మా బావ ఆగాడు. సన్నాయి దించాడు. లేచి నిలబడి, "ఇంక ఈ జన్మలో సన్నాయి నోట పెట్టను! ఒట్టు!" అని అరిచాడు. పెళ్ళివాళ్ళు వచ్చి కాళ్ళా వేళ్ళా పడతారని ఆయన లెక్క. ఆ మైకు మోతలో ఆ ఒట్టు పక్కనున్న నాకు తప్ప ఒక్కడికీ వినపడలేదు. ఇక చేసేది లేక ముత్తుకూరు వచ్చాక, ఇల్లిల్లూ తిరిగి తాను ఒట్టు పెట్టుకున్నానని తానే చెప్పుకున్నాడు. చెప్పాక ఇక వెనక్కి పోయే దారేదీ?

సన్నాయి ట్రంకు పెట్టెలోకి పోయింది. మా బావ కూడా దానితోపాటే పోయినట్టయ్యాడు. కుట్టిన పరుపు మీదే పడుకుని, కుట్టాల్సిన పరుపును చూస్తూ ఉండేవాడు. పిలిస్తే పలికేవాడు, పిలవకపోతే అదీ లేదు. మా అక్క ఎవరితోనూ ఏమీ అనేది కాదు గానీ, నా కొట్టుకు వచ్చినప్పుడు టీ చేతిలో చల్లారిపోయేదాకా అలా కూర్చునేది. ఆమెను అలా చూస్తే నాకు ఆ మైకుసెట్టువాణ్ణి పట్టుకుని తన్నాలనిపించేది.

ఇంతలో చైనావాళ్ళతో యుద్ధం వచ్చింది, పోయింది. అది ఎక్కడో మంచుకొండల మీద జరిగిందని మా ప్రెసిడెంటు వెంకయ్యకు ఎంత చెప్పినా ఎక్కలేదు. "కొండల మీద ఓడి, కృష్ణపట్నం రేవులో దిగితే? అప్పుడు ఎవురు ఆపేది, నువ్వా?" అని నన్ను అడిగాడు. నేను టీ వడకడుతూ, నా వల్ల కాదని ఒప్పుకున్నాను. ఆ మరుసటి ఏడు ఆయన నెల్లూరు చుట్టూ తిరిగి, ఊళ్ళో జనం గురి నేర్చుకోవడానికని ఒక్క తుపాకి తెచ్చాడు. పాయింట్ టూ టూ తుపాకి. దాని గొట్టంలో పెన్సిలు కూడా దూరదు. తుపాకి వచ్చిన రోజు జనం దాన్ని చూసి, "పిల్లదా? ఇంకా పెరుగుద్దా?" అని అడిగారు.

దాన్ని వెంటబెట్టుకుని మాల్యాద్రి అనే రిటైరయిన హవల్దారు వచ్చాడు. సరుగుడు తోపులో ఇసుక దిబ్బకు బొమ్మ ఆనించి ఎలా కాల్చాలో చూపించాడు. కాల్చాక ఎలా తుడవాలో అంతకన్నా ఎక్కువ సేపు చెప్పాడు. వెనక బోల్టు ఊడదీయాలి. కడ్డీకి గుడ్డ చుట్టి వెనక నుంచి తొయ్యాలి, మూతి వైపు నుంచి ఎప్పుడూ తొయ్యకూడదు. లోపల మెలికలు తిరిగిన సన్న గాడులుంటాయి. కడ్డీ గట్టిదైతే అవి గీసుకుపోతాయి, వంకరదైతే ఒరుసుకుపోతాయి. తుడిచాక పల్చగా నూనె పూయాలి.

"వేసవి కాలంలో మళ్ళీ వస్తా. గొట్టంలో తుప్పు కనపడిందా, తుపాకి ఎత్తి వెంకటాచలం ఊరోళ్ళకిస్తా. వాళ్ళు ఎప్పుడో అడిగినారు," అని చెప్పి పోయాడు.

వెంకటాచలం పేరు వినగానే వెంకయ్య ముఖం కందగడ్డయింది. "గొట్టాలు తుడిచిన అనుభవం ఈ ఊళ్ళో ఎవురికి ఉండాది?" అని గట్టిగా అడిగాడు. అందరూ ఒకేసారి మా బావ వైపు తిరిగారు.

మా బావ మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆయన లెక్కన అది మెరుపు వేగం. ఒప్పుకున్న రోజు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు వచ్చాడు. అలా ఆయన వీధిలో నడిచి ఎంత కాలమైందో! మా అక్క గడపలో నిలబడి ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. ఆ తుపాకి ఊళ్ళో ఉంటే మా బావ మనిషిగా ఉంటాడు, అది వెంకటాచలం పోతే ఈయన మళ్ళీ పరుపెక్కుతాడు. నాకూ మా అక్కకూ ఆ మాట అనుకోకుండానే తెలిసిపోయింది. ఇక చైనావాళ్ళు వస్తే రానీ, పోతే పోనీ.

తుపాకితోపాటు మరలతో బిగించుకునే ముక్కల కడ్డీ ఒకటి వచ్చింది. కానీ పంచాయతీ గుమాస్తా, పేరు సమాధానం, అందులో ఒక ముక్కను గీతలు గీయడానికి రూళ్ళకర్రగా వాడుకున్నాడు. ఒకనాడు దాన్నే బల్లి మీదికి విసిరాడు. బల్లి బతికింది, కడ్డీ వంగింది. అలా కడ్డీ వెదుకులాట మొదలైంది.

మొదటి కడ్డీ నాదే. నా కబాబుల సీకుల్లో సన్నది, తిన్ననిది ఏరి ఇచ్చాను. మా బావ దాన్ని దారంతో వేలాడదీసి మేకుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంది బావా?" అన్నాను.

"కడ్డీ గుణం శబ్దంలో తెలుస్తాది. నీ సీకు అపస్వరం పలకతా ఉండాది మౌలా."

"పాడించడానికా, తుడవడానికా? ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి!"

మా బావ సణుగుతూనే దానికి గుడ్డ చుట్టి తుడిచి, నూనె పూశాడు. పంచాయతీ అరుగు మీద తుడిచాడు గనక ఊరంతా చూసింది. మా వీధి పిల్లులు కూడా మసాలా వాసనకు వచ్చి వరసగా కూర్చుని చూశాయి. తుడవడం అయ్యాక మా బావ గొట్టం వెనక భాగాన్ని పెదాలకు ఆనించి, కళ్ళు మూసుకుని ఊదాడు. "ఊఁ..." అని ఒక స్వరం వచ్చింది. లోతుగా, నిండుగా. అరుగు మీది జనం నోళ్ళు తెరిచారు.

"లోపల మురికి ఉంటే గాలి మూలగతాది. శుబ్బరంగా ఉంటే పలకతాది. ఇది పరీచ్చ," అని మా బావ గంభీరంగా చెప్పాడు.

ఆ మాట అందరికీ నచ్చింది. నాకూ నచ్చిందని చెప్పక తప్పదు. వెంకయ్య అయితే పొంగిపోయి, "తుపాకి శ్రుతిలో ఉండాది!" అని ప్రకటించాడు. మా బావ పరీక్ష మళ్ళీ చేశాడు, ఇంకా కాసేపు చేశాడు, నిజానికి అవసరానికి మించి చాలాసేపు చేశాడు. ఆ తర్వాత ఉప్పుగాలి దూరకుండా గొట్టానికి రెండు వైపులా గుడ్డముక్కలు కుక్కి, తుపాకిని ఇనప్పెట్టెలో పెట్టించాడు. బోల్టూ గుళ్ళూ ఎప్పటిలాగే సమాధానం దగ్గర వేరే తాళంలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున పెట్టె తెరిచి గుడ్డతో తుడిస్తే ఎర్రపొడి. తుప్పు!

"నీ మాంసం కడ్డీ వల్లే," అన్నాడు మా బావ.

నాకు కోపం వచ్చింది. నా సీకుతో కాల్చిన కబాబు తిని ఇంతవరకూ ఒక్కడికి తుప్పు పట్టలేదు. సీకు తీసుకుని ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

రెండో కడ్డీ పడవలు చేసే ముత్యాలయ్యది. సరుగుడు చేవను సన్నగా చిత్రిక పట్టి, నున్నగా గరుకు కాగితం రుద్ది తెచ్చాడు. చూస్తే ముద్దొచ్చేట్టు ఉంది. మా బావ దాన్నీ కొట్టి, విని, కొంచెం బొంగురు గానీ పరవాలేదన్నాడు. తుడిచాడు, ఊదాడు. అప్పటికి సాయంత్రం ఊదుడు వినడానికి జనం పిల్లాపాపలతో వస్తున్నారు. నా టీ కూడా బాగా అమ్ముడుపోతోంది గనక నేను కోపం మానేశాను. మర్నాడు మళ్ళీ ఎర్రపొడి.

"చెట్టు ఉప్పునేల మీద పెరిగినట్టుండాది," అన్నాడు మా బావ.

ముత్యాలయ్య మండిపడ్డాడు. "నా పడవలు నడి సముద్రంలో తేలతా ఉండాయి. నీ తుపాకి పెట్టెలో మునిగిపొయ్యిందా? ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట!" అని కడ్డీ లాక్కుని పోయాడు.

ఆ తర్వాత దొరికింది అసలైన కడ్డీ. సమాధానం ఇంటికి పరుపు ఇవ్వడానికి పోయిన మా బావ, వాళ్ళ ముందు గది కిటికీని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. సమాధానం భార్య ఎస్తేరమ్మ మొదట పట్టించుకోలేదు. మర్నాడు కూడా వచ్చి నిలబడేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. మూడోనాడు ఆమె చీపురు చేతపట్టుకునే అడిగింది.

"అన్నా, మా ఇంట్లో ఏం చూస్తా ఉండావు?"

"కడ్డీ అమ్మా. ఆ కర్టెను కడ్డీ. ఇత్తడిదేనా? మధ్యలో అతుకేమన్నా ఉండాదా? ఎప్పుడన్నా వంగిందా?"

పెళ్ళికూతురి గురించి కూడా అన్ని ప్రశ్నలు అడగరు. ఎస్తేరమ్మ నవ్వు ఆపుకోలేక కడ్డీ తీసి ఇచ్చింది. ఇచ్చే ముందు తల మీద కొంగు కప్పుకుని చిన్న ప్రార్థన కూడా చేసింది. ఆ కడ్డీకి వంక పెట్టడానికి లేదు. ఒకటే కడ్డీ, అతుకు లేదు, తిన్నగా ఉంది, గొట్టం ఇనుము కన్నా మెత్తన. మేకుతో కొడితే గుడి గంటో చర్చి గంటో అన్నట్టు చాలాసేపు మోగింది. మా బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికి గుండ్రంగా తిరిగే చెక్క పిడి వేయించి, లోపలి మెలికలతోపాటు కడ్డీ కూడా తిరిగేట్టు చేసుకున్నాడు. ఆ వారమంతా సమాధానం కర్టెను లేని కిటికీ పక్కన, వీధి వీధంతా చూస్తుండగా అన్నం తిన్నాడు పాపం.

మొదటి సాయంత్రం ఇత్తడి కడ్డీతో తుడిచి ఊదిన స్వరం ఇంకా నా చెవుల్లో ఉంది. వెంకయ్య చప్పట్లు కొట్టాడు. ముత్యాలయ్య కూడా దూరంగా నిలబడి విన్నాడు.

మర్నాడు పొద్దున గుడ్డ మీద మళ్ళీ ఎర్రపొడి.

ఈసారి మా బావ ఏ కడ్డీనీ తిట్టలేదు. నా కొట్టు బల్ల మీద కూలబడి, "కడ్డీలది తప్పు కాదు మౌలా. నా చెయ్యే మంచిది కాదు. సన్నాయి పొయ్యింది, ఇంక ఇది గూడా పోతాది," అన్నాడు. ఆదివారం హవల్దారు వస్తాడని అప్పటికే కబురు వచ్చింది.

నేను తిన్నగా అక్క దగ్గరికి పోయాను. కడ్డీల కథంతా చెబుతూ, "అంత బాగా ఊదినాడు అక్కా, అయినా తుప్పే," అన్నాను.

అక్క చేటలోని బియ్యం మీద చెయ్యి ఆపింది. "ఊదినాడా? ఎవురు?"

"బావ. రోజూ ఊదతాడు గదా, తుడిచినాక."

అప్పుడు తెలిసింది. తుపాకి ఊదే సంగతి ఊరందరికీ తెలుసు, ఆమెకు తప్ప. ఒట్టు పెట్టుకున్న మొగుడు ఇనప గొట్టం ఊదుకుంటున్నాడని పెళ్ళానికి చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది. అక్క మొదట నవ్వింది. చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. నవ్వి నవ్వి కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసేసరికి ఏడుస్తోంది.

"పిచ్చోడా, ఇన్నేండ్లు ఆయన సన్నాయి తుడిచింది ఎవురనుకున్నావు? అరగంట ఊదితే దాంట్లోంచి నీళ్ళు కారతాయి. నోట్లో పెట్టి ఊదే పీక తగిలించే ఇత్తడి గొట్టం ఆ పూటే తుడవకపోతే పొద్దునకి చిలుం పట్టేది. ఇత్తడికే అట్టయితే ఇనుము ఊరుకుంటాదా? శుబ్బరంగా తుడిచి, లోపలంతా తడి ఊదేసి, దానికి మళ్ళా రెండు పక్కలా మూతా!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెదికినట్టు, తప్పు ఊపిరిలో పెట్టుకుని కడ్డీలన్నిటినీ ఉరి తీశాం మేమంతా.

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క అడిగేసింది. మా బావ ముద్ద పట్టుకుని తల వంచుకున్నాడు. "తుపాకి సన్నాయి కాదు గదమ్మే. ఒట్టుకు తగలదు."

"ఒట్టుకు తగలదు. తుప్పుకు తగలతాది," అంది అక్క. లేచి ట్రంకు పెట్టె తెరిచి సన్నాయి తెచ్చి ఆయన ముందు పెట్టింది. దాని మీద దుమ్ము లేదు. ఆమె ప్రతి శుక్రవారం తీసి తుడిచి మళ్ళీ పెడుతూనే ఉంది. "ఊదాలని ఉంటే దీన్ని ఊదయ్యా. మనుబోల్లో నువ్వు పెట్టిన ఒట్టు ఆ మైకు మోతలో ఎవురికీ వినపడనే లేదంట గదా."

"నాకు వినపడింది," అన్నాడు మా బావ.

అక్క సన్నాయిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

మర్నాడు సాయంత్రం ఇత్తడి కడ్డీతో తుడిచి, నూనె పూసి, ఊదకుండానే పెట్టెలో పెట్టాడు. పెట్టేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, ఎక్కడ అలవాటున ఊదేస్తానోనని. "ఇంక పరీచ్చ అక్కర్లేదు," అని మాత్రం అన్నాడు. జనం సినిమా మధ్యలో కరెంటు పోయినట్టు గొణుక్కుంటూ పోయారు. నా టీ మిగిలిపోయింది. పొద్దున చూస్తే గొట్టం తళతళా మెరుస్తోంది. శనివారం కూడా అంతే.

ఆదివారం మాల్యాద్రి వచ్చాడు. ఊరంతా ఆఫీసు ముందు చేరింది. ఆయన బోల్టు తీయించి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అద్దం మాదిరి ఉండాది. ఏ కడ్డీ వాడినారు?"

"మాది," అని ఎస్తేరమ్మ, "ముందు నాది," అని ముత్యాలయ్య, అందరికన్నా ముందు నాదని నేను. అంతటితో అయిపోయి ఉండేది. మా వెంకయ్య ఊరుకుంటేగా!

"హవల్దారుగారూ, అసలు గొప్ప మీరు చూళ్ళేదు. ఇట్టాటిది వెంకటాచలం వాళ్ళ తాతలు గూడా చెయ్యలేరు. సైదావలీ, ఒకసారి ఊది చూపించు!"

మాల్యాద్రి తుపాకి దించాడు. "ఊదడమా? దేన్ని ఊదేది?"

వెంకయ్యకు కూడా ఏదో తేడా వచ్చిందని అర్థమై మీసం సవరించుకున్నాడు.

"తుపాకిని ఊదేవాళ్ళకి తుపాకి ఇచ్చి పొయ్యేంత తిక్క నాకు లేదు. చెప్పవయ్యా, ఏం ఊదతావు నువ్వు?" అని హవల్దారు మా బావను నిలదీశాడు.

మా బావ అబద్ధం ఆడలేడు. ఆడగలిగితే ఆ ఒట్టునే ఎప్పుడో మింగేసేవాడు. నోరు తెరిచాడు. ఇంతలో ఆడవాళ్ళ గుంపులోంచి మా అక్క వచ్చి, కొంగు చాటున పెట్టుకున్న గుడ్డమూట విప్పింది.

"ఆయన ఊదేది ఇదయ్యా," అంది.

మాల్యాద్రి సన్నాయి వైపు చూశాడు, మా బావ వైపు చూశాడు. "అట్టయితే ఊదమను. విందాం," అని తుపాకి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

చెప్పుల జత ఎంచడానికి పొద్దంతా తిరిగిన మనిషి. కడ్డీ కోసం కిటికీల ముందు రోజుల తరబడి నిలబడిన మనిషి. ఒక పక్క ఒట్టు, ఇంకో పక్క తుపాకి. ఈయన ఇది తేల్చేలోపు హవల్దారు ముసలివాడైపోతాడని నేను భయపడ్డాను. మా బావ అక్క ముఖంలోకి ఒక్కసారి చూశాడు. చెయ్యి చాపి సన్నాయి తీసుకున్నాడు.

పీకను నోట్లో తడిపాడు. ఊదాడు. మేక అరిచింది. నిజంగా మేకే అనుకుని వెనకున్నవాళ్ళు తిరిగి చూశారు. వెంకయ్య నా చెవిలో, "తుపాకే నయం," అన్నాడు. మళ్ళీ ఊదాడు. గాలి బుస్సుమంది. మూడోసారి స్వరం నిలబడింది. నిలబడి, మెల్లగా కదిలింది. అది తోడి. మనుబోల్లో ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడే అందుకున్నాడు. శ్రుతి పట్టింది నేనే గనక నాకు తెలుసు. ఆనాడు కొసదాకా పోనివ్వని రాగం ఈనాడు పంచాయతీ ఆఫీసు ముందు, ఎండలో, కొసకు చేరింది. మైకు మోగలేదు. నేను టీ కొట్టువాణ్ణి, నాకు రాగాల మంచి చెడ్డలు తెలియవు. ఏడ్చాను, అంతే.

మాల్యాద్రి తుపాకి సమాధానం చేతికిచ్చి, "ఈడే ఉండనీ," అన్నాడు. పోతూ పోతూ తన కూతురి పెళ్ళికి సన్నాయి ఊదమని మా బావను పిలిచి మరీ పోయాడు. ఆ తర్వాత నెల్లూరు గురి పోటీల్లో మా ఊరు ఆఖరిది వచ్చింది గానీ తుపాకి శుభ్రంలో మమ్మల్ని కొట్టినవాడు లేడు. చైనావాళ్ళు కృష్ణపట్నంలో దిగనే లేదు. అది తన ఘనతే అని వెంకయ్య చివరిదాకా చెప్పుకున్నాడు.

ఆ రోజు జనం పోయాక మా బావ నా కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. పెదాలు వాచి ఉన్నాయి. అక్క సన్నాయి ఆయన చేతిలోంచి తీసుకుని, ఎస్తేరమ్మ ఇచ్చిన ఇత్తడి కడ్డీకి మెత్తని గుడ్డ చుట్టి లోపలికి పోనిచ్చింది.

"ఎనక నుంచి తొయ్యాల. మెల్లిగా, గీతలు పడతాయి," అన్నాడు మా బావ.

"నాకు చెప్పొచ్చినావా?" అంది అక్క, తుడుస్తూనే.